లూషస్ పెట్వే ఓడిన ఆటలు

అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో మా పేట పాత బేస్‌బాల్ మైదానం గోడ మీద పది మంది ఆటగాళ్ల పేర్లు చెక్కించాలని 1991లో మా సంఘంవాళ్లు అనుకున్నారు. తొమ్మిది పేర్లు ఇట్టే తేలిపోయాయి. పదో పేరుగా నేను లూషస్ పెట్వే అనగానే సంఘం పెద్ద ఫౌంటెన్ గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఒడెస్సా, పదకొండేళ్లు బంతి విసిరి అతను గెలిచినవి యాభై ఎనిమిది, ఓడినవి ఎనభై మూడు. ఓడినందుకు కూడా పేర్లు చెక్కుతారా అమ్మా?"

అందరూ నవ్వారు. బంతి విసరడంలో లూషస్ లాంటి పిచర్ మళ్లీ పుట్టడని మా నాన్న పోయేదాకా అంటూనే ఉన్నాడు. కానీ నాన్న మాట సాక్ష్యం కాదు కదా. హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని, లెక్క తేల్చుకునే వస్తానని లేచాను.

లూషస్ ఆడిన కాలంలో మా నల్లవాళ్ల ఆటల గురించి పెద్ద పత్రికలు రాసేవి కావు. మా వారపత్రిక ఒక్కటే రాసేది. దాని పాత సంచికల్ని లైబ్రరీలో ఫొటోలు తీసి ఫిల్ముచుట్టలుగా దాచారు. రెండు చలికాలాలు శనివారం శనివారం వెళ్లి కళ్లు మండేదాకా చదివాను. నూట పన్నెండు ఆటల స్కోర్లు దొరికాయి.

గెలుపోటములు పక్కనపెట్టి, ఆటకెన్ని పరుగులిచ్చాడో లెక్కకట్టి చూశాను. తక్కిన పిచర్లు సగటున ఐదు దాకా ఇస్తుంటే లూషస్ మూడు కూడా ఇవ్వలేదు. మరి అన్ని ఆటలు ఎలా ఓడాడు? అతను విసిరిన రోజుల్లో సొంత జట్టు చేసింది సగటున రెండున్నర పరుగులే. పైగా గట్టి జట్టు వచ్చిన రోజే అతన్ని దింపేవారు. మెత్తటి జట్లన్నీ మేనేజరు తమ్ముడి వాటా, అతనూ పిచరే.

కాగితాలు పట్టుకుని లూషస్ ఇంటికి వెళ్లాను. ఎనభై ఏళ్ల మనిషి. వరండాలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాడు. నేను చెప్పిందంతా విని, అంకెల మీద వేలు పెట్టి మెల్లగా చదువుకున్నాడు.

"మూడు లోపా? ఇది నేనేనా, టీచరమ్మా?"

"మీరే తాతా."

"పీడకాళ్లవాణ్ణని ఇన్నేళ్లూ అనుకున్నానే." మళ్లీ కాగితం మీదికి వంగాడు. తర్వాత అతని వేలు ఒక వరస మీద ఆగింది. 1941 ఆగస్టు, మెంఫిస్ జట్టు మీద పద్నాలుగు అవుట్లు తానే చేసి ఒక్క పరుగూ ఇవ్వని ఆట. మొత్తంలో అదే మేటి.

"ఇది కొట్టెయ్. ఆ రోజు నా మోచెయ్యి వాచింది. విసిరింది మా చిన్నాన్న కొడుకు లానీ. పేపరాయన ఇంటిపేరొక్కటే వేసి పెట్వేలందరినీ ఒక్కణ్ణే చేసేశాడు."

"ఉండనివ్వండి తాతా. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసుగా. వాడు యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. వాడి ఆట వాడికుండనీ."

అక్కడే కూర్చుని కొట్టేశాను. సగటు కొంచెం పెరిగింది. అయినా మూడు దాటలేదు.

సంఘంలో ఫౌంటెన్ గారు కాగితం రెండుసార్లు చదివారు. కొట్టేసిన వరస ఏమిటని అడిగారు. చెప్పాను. ఆయన కాగితం బల్ల మీద పెట్టారు.

"మేటి ఆటని తన చేత్తోనే కొట్టించాడా? అయితే మిగతా లెక్క నమ్మొచ్చు. పేరు చెక్కించండి."

వసంతంలో పేరు చెక్కారు. లూషస్ తాత గోడ దగ్గర నిలబడి అక్షరాలు తడిమి చూసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "లానీవి ఇంకేమైనా దొరుకుతాయా ఆ చుట్టల్లో?" అన్నాడు.

ఇప్పుడు ఇద్దరం కలిసే లైబ్రరీకి వెళ్తున్నాం. నేను చుట్ట తిప్పుతుంటే, ఏ రోజు ఎవరు విసిరారో ఆయన గుర్తుచేసుకుని చెబుతాడు. ఇప్పటికి లానీ ఆటలు నాలుగు తేలాయి.