ఒప్పుకుందని చెప్పు

నా చదువుకు గుర్తుగా నా దగ్గర మిగిలిన పరికరం ఒక్కటే. పళ్ళ మీద గార గీకే సన్నటి స్టీలు కొక్కెం. దాంతో నేను పదకొండేళ్లుగా చేస్తున్న పని మా ఆయన బూట్ల అడుగున మేకుల మధ్య ఇరుక్కున్న మట్టి తీయడం. పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బుల్లో ఆ పనికి మనుషులుంటారట. మేం తిరిగినవన్నీ చిన్న క్లబ్బులు. అక్కడ ఎవరి బూట్లు వాళ్లే శుభ్రం చేసుకోవాలి. అంటే ఎవరి భార్యలు వాళ్లే అని అర్థం.

ఆ ఆదివారం కూడా బాల్కనీలో పాత పేపరు పరుచుకుని ఎడమకాలి బూటు గీకుతున్నాను. వాల్దెసీర్ మోకాలి మీద ఐసు సంచి పెట్టుకుని సోఫాలో వెనక్కి వాలి ఉన్నాడు. "మంగళవారం పన్నెండింటికి నువ్వు ఖాళీయే కదా గ్రాజీ? నాతో ఓసారి వచ్చి పో. ఒకాయన వస్తున్నాడు. ఊరికే మాటలే" అన్నాడు.

ఖాళీయే కదా! ఎన్ని దేశాలు మారినా మా సామానుతో పాటు తప్పకుండా వచ్చే మాట ఇది. పోర్చుగల్లో రెండో డివిజను, తర్వాత సైప్రస్, ఫిన్లాండ్, అజర్‌బైజాన్, ఇప్పుడు బల్గేరియాలో సముద్రం ఒడ్డున ఈ బుర్గాస్. ప్రతిచోటా ఇల్లు వెతికింది ఖాళీగా ఉన్న నేనే. కరెంటు వాళ్ళతో పోట్లాడింది, మా అమ్మాయి ఎలోయీజాని బళ్ళో చేర్చింది, మళ్ళీ మాన్పించింది, అద్దె ఇంటి గోడ మీద అతను బంతి తన్ని చేసిన మరకలకు సున్నం వేసింది, అన్నీ ఖాళీగా ఉన్న నేనే. మా దేశంలో, బౌరూలో మా పెళ్ళయ్యేనాటికి నాకు సొంత క్లినిక్కులో రెండేళ్ల ప్రాక్టీసు ఉంది. "ఒక్క ఏడాది గ్రాజీ, పోర్చుగల్లో ఒక్క సీజను ఆడి వచ్చేద్దాం" అన్నాడు. ఆ ఏడాది ఇంకా పూర్తి కాలేదు.

వాల్దెసీర్ డిఫెండరు. గోలు కొట్టినవాడి పేరు ఊరంతా అరుస్తుంది. గోలు పడకుండా ఆపినవాడి పేరు మైకులో చదివేవాడు కూడా తప్పు పలుకుతాడు. అది అన్యాయమే, నేనూ ఒప్పుకుంటాను. దాని గురించి అతను ఎంతసేపైనా మాట్లాడతాడు. "నా పని ఎవడికీ కనపడదు గ్రాజీ. నేను తప్పు చేసినరోజే అందరూ నా వైపు చూస్తారు" అంటాడు. ఆ మాట అంటున్నప్పుడు తన ముందు కంచం పెడుతున్నది ఎవరో అతనికి కనపడదు. ఉప్పు తక్కువైతే మాత్రం తలెత్తి చూస్తాడు.

ఎలోయీజా పుట్టింది సైప్రస్‌లో. నొప్పులు మొదలయ్యేసరికి వీళ్ళ టీము ద్వీపం అవతలి చివర మ్యాచ్ ఆడుతోంది. నా చెయ్యి పట్టుకుని నిలబడింది మా మెట్లు కడిగే ఫిలిప్పీన్స్ అమ్మాయి. ఆ రోజే వాల్దెసీర్ ఆ సీజను మొత్తానికి ఒకే ఒక్క గోలు కొట్టాడు, కార్నర్ బంతిని తలతో. కొట్టి, రెండు చేతులూ ఉయ్యాలలా చేసి ఊపుతూ మైదానమంతా పరుగెత్తాడు. ఆ ఫొటో పేపర్లో పడింది. నర్సులు ఆ పేపరు నాకు తెచ్చి చూపించి, "ఎంత ప్రేమగల తండ్రో!" అని మురిసిపోయారు. ప్రేమగల తండ్రి మూడో రోజున ఆస్పత్రికి వచ్చాడు. "మొహం అలా పెట్టకు, గెలిచి వచ్చాం" అన్నాడు. మా అత్త ఇప్పటికీ ఆ ఫొటోని బౌరూలో హాలు గోడకు తగిలించుకుంది. బిడ్డ పక్కన నేను పడుకున్న ఫొటో ఎవరూ తీయలేదు.

ఎక్కడికి వెళ్ళినా విలేకరులకు వాల్దెసీర్ చెప్పే మాట ఒకటుంది. "బంతికి భాషతో పనిలేదు." వాళ్ళు అబ్బో అంటూ రాసుకుంటారు. ఆ మాటను వాళ్ళ భాషలో చెప్పింది ఎవరని ఒక్కడూ అడగలేదు. బంతికి అక్కర్లేదేమో. గ్యాసు బండకు కావాలి. పిల్లకు నూటమూడు జ్వరం వస్తే ఫార్మసీలో కావాలి. మూడో అంతస్తు నుంచి నీళ్ళు కారుతుంటే పైనున్నవాడితో దెబ్బలాడటానికి మరీ కావాలి. అందుకే నేను నేర్చుకున్నాను, ప్రతిచోటా, కూరగాయలవాళ్ళ దగ్గరా పిల్లల కార్టూన్లలోనూ. చివరికి వాల్దెసీర్‌కి నోరు కూడా నేనే అయ్యాను. మ్యాచ్ ఓడి వచ్చి మైకు ముందు "ఈ కోచ్ గాడిద, వాడికి ఆటే తెలీదు" అని అతను కస్సుమంటే, "కోచ్ నిర్ణయాన్ని మేమంతా గౌరవిస్తాం" అని నేను చెప్పేదాన్ని. ఇక్కడి పేపర్లు అతన్ని వినయం గల మనిషి అని రాస్తాయి. ఆ వినయం మొత్తం నా వంటే.

వంట అంటే నిజం వంట కూడా ఉంది. టీములో మా దేశం కుర్రాళ్ళు ఎంతమంది ఉంటే అంతమందీ శనివారం మా ఇంట్లోనే. ముందురోజే నల్ల చిక్కుడు గింజలు నానబెట్టి, పంది మాంసం ఉప్పు కడిగి, పొద్దుటి నుంచి కుండ దగ్గర నిలబడాలి. తిన్నాక వాళ్ళలో ఎవడో ఒకడు దవడ పట్టుకుని, "వదినా, ఈ పన్ను చూస్తావా కొంచెం?" అని నోరు తెరుస్తాడు. చెంచా కాడతో నాలుక నొక్కి, ఫోను లైటు వేసి చూసి, ఏం చేయించుకోవాలో చెబుతాను. వాల్దెసీర్ నవ్వుతూ, "నా పెళ్ళాం సగం డాక్టరు" అంటాడు. మిగతా సగం ఎక్కడికి పోయిందో అతనికి ఎప్పుడూ అనుమానం రాలేదు.

బుర్గాస్‌కి వచ్చిన మొదటి చలికాలంలోనే ఆ మిగతా సగం కోసం పుస్తకాలు తెచ్చుకున్నాను. ఈ దేశంలో పళ్ళు చూడాలంటే వీళ్ళ భాషలో, వీళ్ళ పరీక్ష రాయాలి. రెండుసార్లు తప్పాను. బీన్స్ ఉడుకుతుంటే పొయ్యి పక్కన చదివాను, ఎలో ఈత క్లాసు బయట బెంచీ మీద చదివాను. మూడోసారి పాసయ్యాను. ఇక్కడ పళ్ళ క్లినిక్కు నడిపే డాక్టర్ వెస్కా అని అరవై దాటినావిడ, సిగరెట్లతో బొంగురుపోయిన గొంతు, నా చేతులు రెండూ తిప్పి తిప్పి చూసి, "ఇన్నేళ్లు ఏం చేశాయి ఇవి?" అని అడిగింది. చెప్పాను. ఆవిడ నవ్వలేదు, జాలిపడలేదు. "మధ్యాహ్నం రెండు నుంచి ఆ కిటికీ పక్క కుర్చీ నీది" అంది.

ఇంటికొచ్చి చెబితే వాల్దెసీర్ టీవీ సౌండు తగ్గించాడు. అంతవరకు మెచ్చుకోవాలి. "మంచిదేగా! నీకూ కాలక్షేపం" అన్నాడు. మా అత్త ఫోన్లో ఇంకో మాట అంది. "అమ్మాయ్, వాడి కాళ్ళ మీద బతుకుతున్నాం మనమంతా. ఆ కాళ్ళు చూసుకోక, ఇప్పుడు ఊళ్ళోవాళ్ళ పళ్ళెందుకే నీకు?"

క్లినిక్కులో మొదటివారం ఒక బస్సు డ్రైవరమ్మ వచ్చింది. లావుపాటి మనిషి, సూది చూసి చిన్నపిల్లలా వణికింది. పన్ను తీసేసరికి కళ్ళు తెరిచి, "అయిపోయిందా? ఏమీ తెలియలేదు డాక్టరుగారూ!" అంది. డాక్టరుగారూ! బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. సంతోషమే అనుకున్నాను మొదట. కాదు, కోపం. ఈ ఒక్క పిలుపు వినడానికి నాకు ఇన్నేళ్లు ఎందుకు పట్టిందన్న కోపం.

మంగళవారం వెళ్ళాను. సముద్రం ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చున్నాం. ఆ వచ్చినాయన పేరు కోలెవ్, డాన్యూబ్ ఒడ్డున, దేశానికి ఆ చివర ఎక్కడో ఉన్న ఒక క్లబ్బుకి డైరెక్టరు. వాల్దెసీర్‌ని కావలించుకుని వీపు చరిచాడు. నాతో, "ముందు వెయిటరుకి చెప్పమ్మా, మీ ఆయనకేం కావాలో" అన్నాడు. ఇంగ్లీషు ఆయనకూ రాదు, మా ఆయనకూ రాదు.

"మోకాలు ఎలా ఉందట?" అని అడిగాడు కోలెవ్.

"ఇరవయ్యేళ్ల కుర్రాడి మోకాలని చెప్పు" అన్నాడు వాల్దెసీర్. చెప్పాను.

కోలెవ్ పకపకా నవ్వాడు. "అబద్ధం. వీడియోలు చూశాం. ఎడమవైపు తిరగాలంటే ఓడ తిప్పినట్టు తిప్పుతాడు. ఫరవాలేదు, మేం తీసుకుంటున్నది మోకాలి కోసం కాదు. మా దగ్గర మీ దేశం కుర్రాళ్ళు నలుగురున్నారు. ఒక్కడికీ మాట రాదు, మా తిండి సయించదు, మంచు పడగానే అమ్మా అని ఏడుపు. పోయినేడు దుబాసీని పెడితే జీతం దండగయింది. మీ ఏజెంటు సిడ్నేయ్ మంచి ఉపాయం చెప్పాడు. వాల్దెసీర్ వస్తే భార్య వస్తుంది. వాళ్ళందరికీ ఆవిడే మాట్లాడి పెడుతుంది, ఆస్పత్రికి తీసుకెళ్తుంది, శనివారం వండి పెడుతుంది. తేరగా! ఒకటో తారీఖుకి దిగిపోండి."

కాఫీ కప్పు నా చేతిలో ఉంది. దాన్ని సాసరులో చప్పుడు కాకుండా పెట్టగలిగినందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

"సిడ్నేయ్‌తో ఎప్పుడు మాట్లాడావు?" అన్నాను వాల్దెసీర్‌తో, మా భాషలో.

"పోయిన నెల. నీకు చెబుదామనే అనుకున్నా. పరీక్ష పాసైన సంతోషంలో ఉన్నావు కదా, ఎందుకు పాడుచేయడమని ఆగాను." ఎంతో దయగా అన్నాడు ఆ మాట. అంటూ టేబులు కింద నా మోకాలు నిమిరాడు.

ఒళ్ళు భగ్గుమంది. నెలరోజులు! నేను తెల్లకోటు ఇస్త్రీ చేసుకుంటుంటే చూస్తూ నెలరోజులు. ఎలో ఇక్కడి బడిలో మొదటిసారి ఒక స్నేహితురాలిని ఇంటికి తెచ్చుకుంటే, ఆ పిల్లకు చాక్లెట్టు ఇచ్చి నవ్వుతూ నెలరోజులు. ఇంతకాలం నేను ఈ మనిషి వెంట కొసరుగా తిరుగుతున్నాననుకున్నాను. ఇవాళ తూకంలో వేసిన సరుకు నేను, కొసరు అతను. ముప్పై అయిదేళ్ల వయసులో, అరిగిన మోకాలితో, అతనికి ఇంకో ఏడాది ఆట దొరుకుతున్నది నా నాలుక వల్ల, నా కుండ వల్ల. ఆ సంగతి కోలెవ్‌కి తెలుసు, సిడ్నేయ్‌కి తెలుసు. వాల్దెసీర్‌కీ తెలుసు. తెలియనిది నా ఒక్కదానికే.

"ఏమంటున్నాడు?" అన్నాడు కోలెవ్.

"చాలా సంతోషం అంటున్నాడు" అన్నాను. నాలుక దాని అలవాటున అది చెప్పేసింది.

"ఆవిడకి ఇక్కడేదో ఉద్యోగం ఉందని విన్నాను. తీరా సంతకమయ్యాక పేచీ పెట్టదు కదా? అడుగు." ఆ ఆవిడ నేనే. ఆయన నా మొహంలోకి చూస్తూనే ఆ మాట అన్నాడు. ఫోన్లో మాట్లాడేవాడు ఫోనుకి మొహమాటపడతాడా?

అడిగాను. "ఉద్యోగమేం కాదు, కాలక్షేపమని చెప్పు" అన్నాడు వాల్దెసీర్.

"ఉద్యోగం కాదు, కాలక్షేపం" అని కోలెవ్‌కి వాళ్ళ భాషలో చెప్పాను. నా నోటితో, నా గురించి, నేను పొయ్యి పక్కన నిలబడి నేర్చుకున్న మాటలతో. ఇన్నేళ్లలో ఎంతోమంది నన్ను ఎన్నో అన్నారు. నా చేత నన్ను అనిపించింది మాత్రం ఇదే మొదలు. మంచినీళ్ళు తాగాను.

కోలెవ్ తృప్తిగా తల ఆడించి, సంచిలోంచి కాగితాలు తీసి టేబులు మీద పరిచాడు. "అయితే ఆఖరి మాట. ఇది ముఖ్యం, సూటిగా అడుగు. భార్య ఒప్పుకుందా?"

నేను కుర్చీ కొంచెం పక్కకు తిప్పుకుని వాల్దెసీర్ కళ్ళలోకి చూశాను. నిజంగానే ఒక అవకాశం ఇస్తున్నాను అనుకున్నాను ఆ క్షణం. ఒక్కసారి ఆగితే చాలు. నా వైపు తిరిగి, ఒప్పుకుంటావా గ్రాజీ అని అడిగితే చాలు. తర్వాత నా మాట కాదన్నా సరే, కనీసం అడిగించుకున్నదాన్ని అవుతాను.

"నీ భార్య ఒప్పుకుందా అని అడుగుతున్నాడు" అన్నాను.

అతను అప్పటికే పెన్ను అందుకున్నాడు. కాగితం మీద సంతకం పెట్టాల్సిన చోటు వెతుక్కుంటూ, తల ఎత్తకుండా, "ఒప్పుకుందని చెప్పు" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను.

"నీ భార్య ఒప్పుకోలేదు వాల్దెసీర్. నువ్వు వెళ్ళు. నేనూ ఎలో ఇక్కడే ఉంటాం. రెండింటికి నాకు పేషెంటు ఉంది."

ఇది మా భాషలోనే అన్నాను, నెమ్మదిగా, ఒక్క మాట కూడా మెత్తబరచకుండా. అతని మొహం ఎర్రబడింది. "ఏంటిది గ్రాజీ, కూర్చో. నా పరువు తీయకు. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం, ముందు ఆయనకి ఏదో ఒకటి సర్ది చెప్పు" అన్నాడు.

కోలెవ్ అతని మొహమూ నా మొహమూ మార్చి మార్చి చూశాడు. ఏదో చెడిందని అర్థమైనట్టుంది. మొదటిసారిగా నన్ను దాటి, వాల్దెసీర్ వైపే వంగి, "ఏమంటోంది మీ ఆవిడ?" అని అడిగాడు.

ఆ ప్రశ్న వాల్దెసీర్‌కి అర్థం కాలేదు. అదేమిటో చెప్పమని నా వైపు చూశాడు.

నేను చెప్పలేదు.