కుర్చీలు మడిపించిన పాట

ఈ కమిటీకి నన్ను పెద్దను చేసింది నా తెలివితేటలు చూసి కాదు. కిందటి ఏప్రిల్లో, మా స్కూల్లో ఆఖరిదైన ఆరో తరగతి పిల్లల తల్లులం పందొమ్మిది మందిమీ స్కూల్ లైబ్రరీలో చేరి, ఒకరి మొహం ఒకరు చూడకుండా ముప్పావుగంట గడిపి, చివరికి రాయి-కాగితం-కత్తెర ఆడాం. నేను రాయి పట్టాను. మిగతా పద్దెనిమిది మందీ కాగితం పట్టారు, కాగితం రాయిని చుట్టేస్తుంది. దాంతో మార్చిలో జరగాల్సిన వీడ్కోలు సభ మొత్తం నా నెత్తిన పడింది.

సంగతి విని మా ఆయన, "నువ్వెప్పుడూ రాయే పడతావు కదా," అన్నారు. పద్నాలుగేళ్ల కాపురంలో ఆయన నన్ను గమనిస్తున్నట్టు దొరికిన మొదటి ఆధారం అది.

టీ, శాండ్‌విచ్‌లు, మోచీ అనే బియ్యప్పిండి ముద్దలు, హాలు బుక్ చేయడం, ఇవన్నీ చేతనైన పనులే. చిక్కంతా పాటతో వచ్చింది. అదీ ఇనొమాత టీచరుగారి వల్ల.

ఇనొమాత గారు సంగీతం టీచరు. ఈ మార్చితో ఆవిడ ఉద్యోగం ముగుస్తుంది. నవంబరులో ఒకరోజు వెళ్లేసరికి ఆవిడ సంగీతం గదిలో పియానో మెట్లు తుడుస్తున్నారు.

"సభలో మీకోసం పిల్లల చేత ఒక పాట పాడిద్దామనుకుంటున్నామండీ. ఏది కావాలో చెప్పండి," అన్నాను.

"ఏదైతేనేంలెండి, కొతోనే వాళ్లమ్మగారూ. వాయించేది నేనేగా," అన్నారావిడ. కొతోనే మా అమ్మాయి. గుడ్డ మడిచి పక్కన పెట్టారు. "ముప్పై ఏడేళ్లు. పియానో గోడకి, నేను పియానోకి, పిల్లలు నా వీపుకి. వీడ్కోలు పాట పాడేటప్పుడు పిల్లల మొహాలు ఎలా ఉంటాయో ఒక్క ఏడాదైనా చూళ్లేదు. చెవులకి తెలుసు. కళ్లకే తెలీదు."

ఆవిడ మామూలుగానే అన్నారు, బట్టల మీద సబ్బు మరక గురించి చెప్పినట్టు. నేనే ఉండబట్టలేక, "ఈసారి మీరు ముందు వరుసలో కుర్చీలో కూర్చుంటారండీ. పియానో సంగతి మేం చూసుకుంటాం," అనేశాను.

మేం అంటే నేనని ఇంటికి వచ్చాక తెలిసింది. తల్లుల్లో చిన్నప్పుడు పియానో నేర్చుకున్నది నేనొక్కదాన్నేనట. అదీ పన్నెండో ఏట మానేశాను.

ఇక ఏ పాట? తల్లుల ఫోన్ గ్రూపులో ఈ ప్రశ్న పెట్టాను. అరవై మూడు జవాబులు వచ్చాయి. అరవై ఒక్కటిలో, "నాకు ఏదైనా పర్లేదండీ, అందరికీ ఏది ఇష్టమైతే అదే" అని ఉంది. సరే కదా అని నేనే ఒక పాట పేరు పెడితే, తొగాషి గారు "మంచి పాటేనండీ" అని రాసి, పక్కన తల వంచుకున్న ఎలుగుబంటి బొమ్మ పెట్టారు. ఆ బొమ్మకి అర్థం వద్దు అని. మా ఊళ్లో వద్దు అనే మాట మనుషులు అనరు, ఎలుగుబంట్లే అంటాయి.

తొగాషి గారికి చెర్రీ పూల పాట కావాలి. ఆ మాట నోటితో చెప్పరు. "ఈమధ్య ఆ పూల పాట అన్ని స్కూళ్లలోనూ పాడుతున్నారట కదా, ఊరికే విన్నాన్లెండి," అంటారు.

"పూలా? ఎక్కడున్నాయండీ పూలు?" అన్నారు ఒబాతా గారు. ఆవిడది పళ్ల దుకాణం, మాటకి ముల్లుంటుంది. "మార్చిలో మనూళ్లో రాలేది చూరు మీది మంచుగడ్డలేగా. అది పడి మా స్కూటర్ అద్దం విరిగింది. దానిమీద ఏదైనా పాటుంటే చెప్పండి, పాడిద్దాం."

"అయితే మీకేం కావాలండీ?" అని అడిగాను.

"నాకా? నాకేదైనా పర్లేదు."

జనవరి అలా గడిచింది. ఫిబ్రవరి కూడా. చివరికి నేను, "నాకు వాయించడం వచ్చిన పాట ఒక్కటే ఉంది," అని రాశాను. తరతరాలుగా స్కూళ్లలో పాడే పాత వీడ్కోలు పాట అది. పిల్లలకి ఎలాగూ కంఠతా వచ్చు. నిమిషంలో పద్దెనిమిది ఎలుగుబంట్లు చప్పట్లు కొట్టాయి. ఎవరికీ నచ్చింది కాదు గనక ఎవరూ ఓడిపోలేదు, అదీ వాళ్ల సంతోషం.

ఆ పాట నాకు పుస్తకం చూసి వచ్చింది కాదు. సెండాయ్‌లో కాలేజీ చదివే రోజుల్లో ఒక పెద్ద దుకాణం నేలమాళిగలో రెండేళ్లు కేకులు అమ్మాను. రోజూ మూసేవేళకి, మా దేశంలో అన్ని దుకాణాల్లోలాగే, స్పీకర్లలో ఆ పాటే వచ్చేది, మాటలు లేకుండా. ఇక బయల్దేరండని దానర్థం. రెండో చరణం ఎత్తుకునేసరికి కొనేవాళ్లంతా మెట్ల దగ్గర ఉండేవాళ్లు. మేం బల్లలు తుడిచేవాళ్లం. ఆ రెండేళ్లలో అది నా వేళ్లలోకి దిగిపోయింది. పుస్తకం ఎందుకు, అనుకున్నాను. పొగరు.

ఇంట్లో కొతోనే ఎలక్ట్రిక్ పియానో ఉంది. కొతోనే అంటే వీణానాదం, మా అత్తగారు పెట్టిన పేరు. మా అమ్మాయి ఆ పియానో మీద స్కూల్ సంచీ పెట్టుకుంటుంది. గోడ అవతల పక్కింటివాళ్లు వింటారని చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని మూడు వారాలు సాధన చేశాను. నా వాయింపు నేను తప్ప ఎవరూ వినలేదు. పిల్లలతో కలిపి చూసుకుందామంటే, ఇనొమాత గారు ఎప్పుడూ సంగీతం గదిలోనే ఉంటారాయె. పాట ఏదో, వాయించేది ఎవరో ఆవిడకి చివరిదాకా తెలియకూడదు కదా.

సభ రోజు వచ్చింది. పొద్దున స్కూల్ వేడుకలో ఆవిడ ఎప్పటిలాగే గోడకేసి తిరిగి వాయించారు. మధ్యాహ్నం అందరం టౌన్ హాలుకి చేరాం. నాలుగింటి దాకా మాది. హాలు చూసుకునే సకుతా తాతగారు గడియారంతో పుట్టిన మనిషి. నాలుగుకి ఐదు నిమిషాల ముందు స్పీకర్లో ఆ దుకాణాల పాటే దానంతటది వస్తుంది, అది వినగానే ఆయన హీటర్ ఆపేస్తారు.

మూడుంబావుకి ఇనొమాత గారిని ముందు వరుసలో కూర్చోబెట్టాను. పిల్లలు పందొమ్మిది మందీ ఆవిడకెదురుగా రెండు వరుసల్లో నిలబడ్డారు. ఆవిడ పియానో వైపు చూసి, నా వైపు చూసి, మెల్లిగా చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. ఆ చేతులకి ఏం చేయాలో తెలియలేదు.

నేను మొదలుపెట్టాను.

నాలుగు స్వరాలు వాయించానో లేదో, వెనక కిర్రుమని కుర్చీ జరిగింది. తర్వాత ఇంకోటి. తల తిప్పితే తొగాషి గారు కోటు తొడుక్కుంటున్నారు. హెడ్‌మాస్టరుగారు పక్కవాళ్లకి వంగి వంగి నమస్కారాలు పెడుతూ తలుపు దగ్గరికి వెళ్లిపోయారు. తల్లులు చెత్త విడదీసి ఖాళీ సీసాలు ఒక సంచీలో, మూతలు ఇంకో సంచీలో వేసేస్తున్నారు. తెల్లబోయి చూస్తున్న పిల్లలు, అమ్మలు కుర్చీలు మడవడం చూసి వరుసలు విడిచి తలా రెండు కుర్చీలు ఎత్తారు. తినని మోచీల డబ్బాలకి మూతలు పడ్డాయి. లోపల్నుంచి టక్కుమని శబ్దం వచ్చి హీటర్ కూడా ఆగిపోయింది.

"ఏమైంది? ఎందుకు లేచారు?" అన్నాను, వాయిస్తూనే.

"అదేంటండీ, పాట వస్తోందిగా," అన్నారు ఒబాతా గారు బల్ల తుడుస్తూ.

"వాయిస్తోంది నేనండీ!"

"మీరా? స్పీకర్ అనుకున్నాను. అచ్చం అలాగే ఉంది, మెచ్చుకోవాలి!"

మూడు నిమిషాల్లో హాలు అద్దంలా అయింది. కుర్చీల్లో ఒక్కటే మిగిలింది, ఇనొమాత గారు కూర్చున్నది. ఆవిడ కదల్లేదు. ముప్పై ఏడేళ్లకి ఒకసారి దొరికిన కుర్చీ అది. ఎదురుగా పిల్లల మొహాల్లేవు, కుర్చీలు మోసుకుపోతున్న వీపులున్నాయి. నాకు పియానో మూత తెరిచి లోపల కూర్చోవాలనిపించింది.

అప్పుడు ఆవిడ గొంతు వినిపించింది. పెద్దగా కాదు, తరగతి గది గొంతు.

"ఆరో తరగతి. ఇటు తిరగండి."

పందొమ్మిది మందీ ఎక్కడివాళ్లక్కడ ఇటు తిరిగారు. చేతుల్లో కుర్చీలు అలాగే ఉన్నాయి. తల్లులు సంచీలతో గోడకి అంటుకుపోయారు.

"కొతోనే వాళ్లమ్మగారూ, అది దుకాణం నడకమ్మా. ఒకటి, రెండు, మూడు అంటూ జనాన్ని గుమ్మం దాకా ఊపుకుంటూ తీసుకెళ్తుంది. స్కూల్ పాట నాలుగు లెక్కలు. నిలబెట్టి పాడిస్తుంది." ఒళ్లో చేత్తో మోకాలి మీద తట్టారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

రెండేళ్లపాటు రోజూ విన్నది మూడు లెక్కల పాటని నాకు అప్పుడు తెలిసింది. ఆవిడ మోకాలు చూస్తూ మళ్లీ ఎత్తుకున్నాను. నాలుగో లెక్క దగ్గర ప్రతిసారీ తడబడ్డాను. పిల్లలు కుర్చీలు గుండెకి ఆనించుకుని పాడారు. ఒబాతా వాళ్లబ్బాయి ముక్కు ఎగబీల్చాడు. ఇనొమాత గారు ఒక్కొక్క మొహం దగ్గర ఆగి, ఆగి చూశారు. తొందరపడలేదు. చివరి మొహం దాకా చూశారు.

చివర ఉన్నది మా అమ్మాయి.

పాట అయిపోయింది. ఆవిడ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"కొతోనే."

"ఆఁ, టీచర్."

"నువ్వు నోరు ఆడిస్తున్నావు. పాడటం లేదు."

కొతోనే చేతిలో కుర్చీలు కిందికి దించింది.

"ఎప్పటినుంచి?"

"ఒకటో తరగతి నుంచి," అంది మా వీణానాదం.

ఇనొమాత గారు నవ్వడం మొదలుపెట్టారు. ముందు భుజాలు, తర్వాత మనిషంతా. "ఆరేళ్లు! నా వీపు వెనక ఆరేళ్లు! అందుకే చూడాలనుకున్నానమ్మా మొహాలు," అన్నారు. "ఇంకోసారి. ఈసారి అందరూ."

ఈసారి కొతోనే పాడింది. ఆరేళ్లు ఎందుకు పాడలేదో హాల్లో అందరికీ అర్థమైంది. ఇనొమాత గారికి మాత్రం ఆ మొహం మీంచి కళ్లు మరలలేదు.

కారులో కొతోనే కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దారి పొడవునా మురికి మంచు కుప్పలు. అటే చూస్తూ అంది:

"ఇంకో గంటలో ఆరేళ్లూ గడిచిపోయేవి. ఎవరికీ తెలిసేది కాదు. ఆవిణ్ణి ముందు కూర్చోబెట్టమని నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదే. మిగతావాళ్లంతా కాగితం పట్టారు."