జెండా పండగలో తప్పు

నేను ఒక తప్పుని. నవ్వకండమ్మా, నా పేరే అది. మీరు తప్పెట అంటారు. చెరకు కోయడానికి సముద్రాలు దాటి గయానా చేరిన మీవాళ్ళ నోళ్ళలో అరిగి అరిగి తప్పునయ్యాను. కొయ్య చట్రం, మేకతోలు, రెండు పుల్లలు, అంతే నా సంసారం. నన్ను కట్టిన వీరాసామి పోయాక అతని మనవరాలు రోజలిన్ మెడకెక్కాను. మనుషులు చిత్రమైనవాళ్ళు. అమ్మవారి పూజకు నేను కావాలి, శవం లేస్తే నేను కావాలి, సంబరం వస్తే మాత్రం పక్కకు జరగమంటారు.

ఆ మే నెల స్వాతంత్ర్య దినాన బెర్బీస్ తీరంలోని మా ఊరంతా జెండా రంగుల బట్టల్లో వీధిలోకి వచ్చింది. నూనె పీపాలు కోసి చేసిన స్టీలు డోళ్ళు వాయించేవాళ్ళు లారీ ఎక్కారు. పొద్దుటి వానకు నా తోలు మెత్తబడింది. కాగితే తప్ప నాకు గొంతు లేవదు. రోజలిన్ ఎండు కొబ్బరి మట్టలు రాజేసి నన్ను కాస్తోంది. ఇంతలో ఆమె తమ్ముడు మూన్‌సామి, ఊరేగింపుకి పెద్ద, బకెట్టెడు నీళ్ళు మంట మీద గుమ్మరించాడు.

“అక్కా, ఇది జెండా పండగే, చావు కాదు. దీన్ని ఇంట్లో పడెయ్. అవ్వ ఏమనేది? తప్పు అంటే చెయ్యకూడనిదని కాదూ?”

వాడికి వచ్చిన తెలుగు ఆ ఒక్క ముక్కే, అదీ చిన్నప్పుడు తిన్న తిట్లలోది.

“నిన్ను తిట్టింది కాబట్టి నీకలా తెలుసురా. నా చేతికి పుల్లలిచ్చి తప్పు అంది. నాకు మాత్రం వాయించమనే అర్థం.”

“జనం నవ్వుతారే!”

“నవ్వనీ. నవ్వుతూనే నడుస్తారు.”

లారీ మీంచి స్టీలు డోలు వాయించే డెస్మండ్ కేకేశాడు. “రోజీ ఆంటీ, ఖాళీ నూనె పీపా ఉంది, ఇందులో పెట్టు మంట! మా డోళ్ళూ పీపా బిడ్డలేగా, రోషపడవులే!”

పీపా మంటకు నా తోలు బిగిసింది. రోజలిన్ నన్ను తగిలించుకుని ఊరేగింపుకి ముందే నిలబడింది. బడి దాటాం, బియ్యం మిల్లు దాటాం. జెండా కొయ్య కనబడేసరికి నా తోలు నిలువునా చిరిగింది.

“అయిందా నీ ముచ్చట?” అన్నాడు మూన్‌సామి.

“చట్రం ఉందిగా,” అంటూ ఆమె కొయ్య మీదే దరువేసింది. డెస్మండ్ అందుకున్నాడు. లారీ మీదున్నవాళ్ళంతా అందుకున్నారు. ఆ దరువు మీదే జెండా లేచింది.

ఇప్పుడు చిరిగిన మొహంతో గోడ మేకుకు వేలాడుతున్నాను. మ్యూజియం వాళ్ళొచ్చి అద్దాల పెట్టెలో పెడతామన్నారు. “అదింకా చావలేదు నాయనా,” అని రోజలిన్ గుమ్మంలోంచే పంపేసింది. పెరట్లో కొత్త మేకతోలు ఎండుతోంది. ఎండనీయండి. వీధిలోకి రావడానికి నేను ఎవరి సెలవూ అడగను.