పూజ రోజు పోయిన సైలెన్సర్

నేను ఒక సైలెన్సర్‌ని. ఒక తెల్ల వ్యాను పొట్ట కింద, రోడ్డుకి జానెడు ఎత్తున వేలాడుతూ బతికినదాన్ని. నన్ను చూడాలంటే మనిషి నేల మీదికి వంగాలి. ఉత్తపుణ్యానికి ఎవరు వంగుతారు? అందుకే నా మొహం చూసినవాళ్లు తక్కువ. మెకానిక్కులు, వీధి కుక్కలు, ఆ తర్వాత దొంగలు.

నా పని నోరు మూయించడం. ఇంజన్ పుట్టుకతోనే గయ్యాళిది. అది పెట్టే కేకలన్నీ నా కడుపులోకి వస్తాయి. వాటిని నా గదుల్లో తిప్పి తిప్పి, వేడి చల్లార్చి, చివరికి ఒక చిన్న మూలుగుగా బయటికి వదులుతాను. మీ ఇళ్లలోనూ ఇలాంటివాళ్లు ఒకరుంటారు. ఒకరి అరుపులన్నీ మింగి, పక్కింటికి వినపడకుండా కాపాడేవాళ్లు. వాళ్ల వైపూ ఎవరూ వంగి చూడరు.

ఎక్కడో ఉత్తరాదిన ఒక ఫ్యాక్టరీలో రేకు చుట్టి నన్ను అతికారు. ఒక గదిలో తేనెపట్టులా చిల్లులున్న రాయి పెట్టారు. పొగలోని విషాన్ని విరిచే పూత ఏదో దానికి పూశారు. ఆ పూత బంగారంతో పోటీపడే సరుకని నాతో ఎవరూ అనలేదు. అని ఉంటే కాస్త గర్వపడేదాన్ని, కాస్త భయపడేదాన్ని కూడా. రెండో గదిలో చిల్లుల గొట్టం, దాని చుట్టూ గాజు దూది కుక్కారు. నా గొంతంతా ఆ దూదిలోనే ఉండేది.

మొదటి యజమాని కడియంలో నర్సరీ ఉన్న పెద్దమనిషి. గులాబీ మొక్కలకి రోజూ నీళ్లు పోసేవాడు గాని, బండికి ఆయిల్ పోయాలంటే చేతులు వచ్చేవి కావు. రెండేళ్లకి బండిని వదిలించుకున్నాడు. కాకినాడ జగన్నాథపురంలో ఉండే డ్రైవరు కొండబాబు కొనుక్కున్నాడు. నా తలరాత మారింది అక్కడే.

కొండబాబుకి నలభై దాటాయి. ఒళ్లు భారీ, మాట మెత్తన. హారన్ కొట్టడం అతనికి చేతకాదు. ముందు ఆవు నిలబడితే అది తనంతట తను కదిలేదాకా ఆగేవాడు. మాటలు ఆలస్యంగా వచ్చే పిల్లలకి మాటలు నేర్పే సెంటర్ ఒకటి భానుగుడి వైపు ఉంది. నలుగురు పిల్లల్ని రోజూ అక్కడికి తీసుకెళ్లి తీసుకురావడం అతని పని. ఆ నలుగురిలో ఆఖరున చేరింది తనూజ. తొమ్మిదేళ్ల పిల్ల. ఒక్క మాట రాదు.

తనూజకి చప్పుడంటే ప్రాణసంకటం. మనకి చెవిలో పడే శబ్దం ఆ పిల్లకి ఒంట్లో గుచ్చుకుంటుంది. అందుకే వాళ్లమ్మ నాగమణి మిక్సీ అటకెక్కించి రోట్లో రుబ్బుకుంటుంది. కుక్కర్ మానేసి గిన్నెలో అన్నం వార్చుకుంటుంది. ఆటో ఎక్కిస్తే పిల్ల చెయ్యి కొరుక్కుంది. బస్సు సంగతి ఇక చెప్పనక్కర్లేదు. సెంటర్‌కి వెళ్తే మాటలు వస్తాయన్నారు, కానీ వెళ్లే దారే లేదు.

కొండబాబు ఆమెతో, "తొందరేముందండి, రోజూ గేటు దగ్గర పది నిమిషాలు బండి ఆపుతానండి. పాప చూత్తాది, వింటాది. ఎక్కినప్పుడే ఎక్కుతాది," అన్నాడు. అలాగే చేశాడు. మూడు వారాలు గేటు ముందు ఇంజన్ ఆపకుండా బండి నిలిపి, పది నిమిషాలు కూర్చుని వెళ్లిపోయేవాడు. నాలుగో వారంలో ఒక పొద్దున గేటు కిర్రుమంది. తనూజ బయటికి వచ్చింది. బండి వెనక్కి నడిచి, చేతులు నేలకానించి, వంగి నా వైపు చూసింది.

నన్ను చూడడం కోసమే వంగిన మొదటి మనిషి ఆ పిల్ల. నా మూలుగు విన్నది. పెదాలు బిగించి, నాతో పాటు అదే శ్రుతిలో "మ్‌మ్‌మ్" అంది. నా జన్మకి అంతకన్నా ఏం కావాలి చెప్పండి. మర్నాడు బండెక్కింది. సెంటర్ దాకా దారంతా అదే పాట, నేను కింద, ఆ పిల్ల పైన.

సెంటర్ టీచరు నాగమణితో ఏమందో బండి పక్కన నిలబడి మాట్లాడుకుంటుంటే విన్నాను. "ఆ మూలుగు ఉందే, అదే మనకి ఆధారమమ్మా. ఆ 'మ్' అనే ముందు ఒక్కసారి నోరు తెరిపించగలిగితే 'అమ్మ' అంటుంది. రోజూ తీసుకురండి, మానేస్తే మాత్రం మళ్లీ మొదటికి వస్తుంది." నాగమణి తల ఊపింది. ఆ రోజు నుంచి బండిలో కూతురి పక్కనే కూర్చుని, దాని పెదాల వైపే చూస్తూ వచ్చేది. తొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తున్న పిలుపు కదా. నేనూ గొంతు జీరపోకుండా, బొంగురుపోకుండా జాగ్రత్తగా పాడేదాన్ని.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు వీధి డ్రైవర్లందరూ కల్యాణమండపం గోడ వారగా బండ్లు వరసగా పెట్టారు. కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేశారు. గుమ్మడికాయ కొట్టారు. పూజ చేసిన బండిని దశమి వెళ్లేదాకా కదపకూడదని ఆ వీధి వాళ్ల పట్టు. పనిముట్టుకి ఏడాదికోసారి విశ్రాంతి ఇవ్వాలంటారు. మంచి మాటే. కాకపోతే ఆ మాట దొంగలకి కూడా తెలుసు.

మధ్యాహ్నం అందరూ భోజనాల్లో ఉన్నప్పుడు ఇద్దరు వచ్చారు. మెకానిక్కుల్లా మసి బట్టలు, చేతిలో పానాల సంచి. నా కింద చాపలా గోనె పరిచి పడుకుని బోల్టులు విప్పడం మొదలుపెట్టారు. అంతలో కొండబాబు అటు వచ్చాడు. తన బండికీ, పక్కనున్న డ్రైవరు సత్తిరాజు బండికీ మధ్య నాలుగు కాళ్లు కనపడ్డాయి.

"ఎవరి బండికి బాబూ? సత్తిరాజు బండికా?"

"ఆయ్, దానికేనండి. గేర్ కేబుల్ తెగిపోయిందండి."

"పండగ పూట కూడా పనేనా? ఉండండి, వచ్చేత్తాను." ఇంటికెళ్లి అరిటాకులో పులిహోర, రెండు బూరెలు తెచ్చి పెట్టాడు. "ఈ పక్క బండి నాదేలెండి. దండ జాగర్త," అని నవ్వి వెళ్లిపోయాడు.

ఇద్దరూ ఆ దండ వేసిన చక్రానికే ఆనుకుని తిన్నారు. ఒకడు చెయ్యి కడుక్కుంటూ, "అన్నం పెట్టాడ్రా," అన్నాడు. రెండోవాడు, "పెట్టాడు కాబట్టే ఇంకో గంట దాకా ఇటు రాడు. కానియ్," అన్నాడు. అయ్యో కొండబాబూ, నువ్వు ఆ పులిహోర తేకపోయినా నేను పోయేదాన్నేనా? నాకూ తెలీదు. నాకు నోరుంటే అప్పుడు అరిచేదాన్ని. జీవితమంతా అరుపులు మింగడమే నేర్చుకున్న దాన్ని, ఎలా అరవాలో నాకెవరు నేర్పారు?

ఊరి చివర రేకుల షెడ్డులో నా కడుపు కోశారు. రాయి తీసి పొడి చేశారు. అడ్డంగా ఉందని పక్క గదిలో దూది కూడా పీకి మురిక్కాలవలో పారేశారు. వాళ్లకి కావలసింది రాయి. దూది వాళ్లకి చెత్త.

రెండు నెలలకి పోలీసులు షెడ్డు మీద పడ్డారు. నాలాంటివి నలభై దాకా దొరికాయి. స్టేషన్ వెనక కుప్ప పోశారు. ఒక ఉదయం కొండబాబు ఆ కుప్ప ముందు మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటి తిప్పి చూస్తూ కనపడ్డాడు. మనిషి సగమయ్యాడు. నా మెడకి, తన ఇంట్లో బట్టలారేసే తీగ ముక్క కట్టాడు ఒకప్పుడు. ఆ తీగ చూసి గుర్తుపట్టాడు. నన్ను ఒళ్లో పెట్టుకున్నాడు.

హెడ్ కానిస్టేబుల్ సూర్యారావు విసుగ్గా, "ఈ తుక్కు కోసం ఇన్నిసార్లు తిరిగావేంటయ్యా? కొత్తది వేయించుకోలేకపోయావా?" అన్నాడు.

"ఏయించానండి. పాపకి నచ్చలేదండి."

"పాపెవరు?"

అప్పుడు చెప్పాడు. నేను పోయాక జరిగింది నాకు తెలిసింది ఆ కుప్ప దగ్గరే.

"దశమెల్లిన మర్నాడండి. ఏడున్నరకి తాళం తిప్పితే బండి గాండ్రించిందండి. కిందకి చూత్తే సైలెన్సర్ లేదు. ఏడూ నలభైకి పాప గేటు దగ్గరుంటాది. నిమిషం దాటితే చెయ్యి కొరుక్కుంటాది, రక్తం వచ్చేదాకా. లేటయితే ప్రమాదం, సౌండంటారా, ఒక్క పూటకి ఓర్చుకుంటాదిలే అనుకున్నానండి. అలాగే ఎల్లిపోయానండి. నేను చేసిన తప్పు అదేనండి." నా మెడ తీగని వేళ్లతో తడిమాడు. "ఆ పిల్ల బండిని చూడలేదండి, నన్ను చూసింది. నేనే అరిచాననుకుంది. గేటుకేసి తల కొట్టుకుంది. వాళ్లమ్మ అడ్డంగా చెయ్యి పెడితే ఆ చెయ్యి నలిగిపోయింది. కొత్తది బిగించి తీసుకెళ్లాను. గేటు దాకా వచ్చి, విని, లోపలికి ఎల్లిపోయింది. కొత్తదాని గొంతు ఏరు కదండీ. సెంటర్ మానేసి రెండు నెల్లయింది. ఇది దొరికితే మళ్లీ ఎక్కుతాదండి."

సూర్యారావు రిజిస్టర్ అతని వైపు తిప్పి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు.

కొండబాబు నా కోతని వెల్డింగ్ చేయించాడు. లోపల ఏముందో, ఏం లేదో వెల్డింగ్ అతను చెప్పబోయాడు. కొండబాబు వినలేదు. "ఇది మనదేనండి," అన్నాడు అంతే. నాకు మాత్రం తెలుసు. ఖాళీ కుండకి మూత బిగించినట్టుంది నా బతుకు.

మర్నాడు వీధి మలుపులోనే ఇంజన్ ఆపేసి, బండిని గేటు దాకా చేత్తో తోసుకొచ్చాడు. గేటు లోపల తనూజ. వెనక నాగమణి, ఇంకా కట్టు విప్పని చేత్తో. "మనదే తల్లీ. మన పాతదే. విను," అని తాళం తిప్పాడు.

ప్రయత్నించాను. నా మీద ఒట్టు, చేతనైనంతా ప్రయత్నించాను. పగిలిన రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు ఒక వికారపు చప్పుడు వచ్చింది. తనూజ రెండు చెవులూ మూసుకుంది. తల కొట్టుకోలేదు, ఏడవలేదు. వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయింది. కొండబాబు ఇంజన్ ఆపేసి స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు.

ఆ నిశ్శబ్దంలో లోపలి గదిలోంచి వినపడింది. "మ్‌మ్‌మ్". అదే శ్రుతి. ఒక్క పిసరు తేడా లేదు. అది నా గొంతు. మురిక్కాలవలో పోయిందనుకున్నది ఆ పిల్ల దగ్గర ఉంది. నేను ఇక్కడే ఉన్నానని చెప్పాలనిపించింది. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇప్పటికీ కొండబాబు రోజూ ఏడూ నలభైకి వస్తాడు. మలుపు దగ్గర ఇంజన్ ఆపి, బండిని తోసుకొచ్చి, గేటు ముందు నిలుపుతాడు. "మీకు మిగతా పిల్లలున్నారు, ఇంక రాకండి కొండబాబు గారు," అంటుంది నాగమణి. "పది నిమిషాలే కదండీ," అంటాడు అతను. లోపల ఆ పిల్ల నాకోసం పాడుతుంది. నాగమణి గుమ్మంలో నిలబడి, ఆ పెదాలు ఒక్కసారి విడతాయేమోనని చూస్తుంది. విడవు. పది నిమిషాలూ అయ్యాక కొండబాబు బండిని మళ్లీ మలుపు దాకా తోసుకుపోతాడు.