మూడో డాక్టరు

"కాలరు బిగుతుగా ఉందండీ," అంది స్కూలు పిల్ల. పెదాల మధ్య గుండుసూదులు పట్టుకున్న టైలరు ఆ పిల్ల తల్లి వైపు చూశాడు. అదలాగే అంటుంది, పొడవు కాస్త వదలండి అందావిడ. సరేనని సుద్దతో గీత గీశాడు. మొదట్నుంచీ అతని పద్ధతి ఇదే. కొలత పిల్లలది, మాట పెద్దలది.

మధ్యాహ్నం మిషను మీద గుడ్డ కప్పి, కూతుర్ని తీసుకుని మూడో డాక్టరు దగ్గరికి బయల్దేరాడు. పదమూడేళ్ళ పిల్ల స్కూలు మానేసి, నోరు మెదపకుండా, రోజంతా దుప్పట్లో ముడుచుకుని పడుకుంటోంది. ఇంతకుముందు చూపించిన ఇద్దరు పిల్లల మానసిక వైద్యుల్నీ అతనే ఎంచుకున్నాడు. ఇద్దరూ అతను చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. డాక్టరంటే ఇలా ఉండాలని మెచ్చుకుంటూ ఇంటికొచ్చాడు. పిల్ల విషయం మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. చెప్పేది నువ్వు, మందు మింగేది అదీనా అని దెప్పి, ఈ మూడో డాక్టరమ్మ సంగతి భార్యే కనుక్కొచ్చింది.

మందుల షాపు పైన చిన్న గది. డాక్టరు పిల్లకేసి చూసి, నిద్ర పడుతోందా అని అడిగింది. టైలరు అందుకున్నాడు. ఆకలి గురించి అడిగింది. దానికీ అతనే జవాబు. చదువు, స్నేహితులు, అన్నీ ఏకరువు పెట్టాడు. ఆవిడ అడ్డుపడలేదు. అతను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మళ్ళీ పిల్లనే అడిగింది.

"నాన్న ఇక్కడే ఉండాలా, బయట కూర్చోవాలా?"

పిల్ల నేల చూస్తూ, "బయట" అంది.

అతనికి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. కన్నతండ్రి కంటే ఈ ముక్కూమొహం తెలియని మనిషి ఎక్కువైపోయిందా? బయట బల్ల మీద కూలబడి, ఈవిడ మనకు పనికిరాదని తేల్చేసుకున్నాడు. గోడ మీద ఏదో రాసుంటే చదువుదామని జేబు తడుముకున్నాడు. కళ్ళజోడు లేదు. లోపలికెళ్ళడానికి మంచి సాకు దొరికిందనుకుని, లేచి తలుపు తట్టబోయాడు.

లోపల కూతురి గొంతు. మాటలు తెలియడం లేదు. ఆగుతోంది, మళ్ళీ మొదలెడుతోంది. మధ్యలో ఏడ్చింది కూడా. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో! కాస్త కుళ్ళు పుట్టింది, అంతకు పదింతలు ఊరట కలిగింది. ఎత్తిన చెయ్యి దించేసి, చప్పుడు చెయ్యకుండా వెనక్కొచ్చి, భార్యకు ఫోన్ చేశాడు.

"ఈవిడే," అన్నాడు.

"ఎలా తెలిసింది?"

"నన్ను బయట కూర్చోబెట్టింది."

కళ్ళజోడు లోపలే, కూతురి పక్కన ఖాళీ కుర్చీలో ఉండిపోయింది.