నీళ్ళు తగిలింటాయి

కుందేలును తల మాత్రం బయటికుండేలా పాతగుడ్డలో చుట్టి, ల్యాబులో పనిచేసే కుళ్ళాయమ్మ ఒడిలో అదిమి పట్టుకుంది. ఎర్రపోగు కట్టిన బోనులోది అది. పెనుకొండ కంటి శిబిరంలో చెడిన కళ్ళనుంచి తీసిన క్రిమిని ఎర్రపోగు కుందేళ్ళ కళ్ళకు ఎక్కించారు. మామూలు కంటిజబ్బు క్రిమిని పచ్చపోగు వాటికి. ఏది ఎక్కువ విషమో ల్యాబులో తేల్చాలి. పచ్చపోగు వాటి కళ్ళు ఎర్రబడి ఊరుకున్నాయి. దీని కన్ను ఉడికిన తెల్లసొనలా ముద్దకట్టి, చీము కారుతోంది.

ఆమె మొగుడు పాపన్న కన్నూ ఆ శిబిరంలో ఇట్లాగే అయింది. పోగు కనబడక ధర్మవరంలో మగ్గం విప్పేసి, ఇప్పుడు హిందూపురం అద్దెగదిలో గోడకేసి కూర్చుంటున్నాడు. ఆ మగ్గం మీద మిగిలిన పట్టుపోగులే ఆమె బోన్లకు కట్టింది.

ఆపరేషన్ చేసిన సాయిప్రసాద్ డాక్టరు ఆనాడు కట్టు కూడా విప్పి చూడలేదు. "కంటికి నీళ్ళు తగిలింటాయి" అన్నాడు. అప్పటినుంచీ పాపన్నది ఒకటే మాట.

"తలకు నీళ్ళు పోసింది నువ్వే గదే!"

తలుపు తోసుకొని ఆ డాక్టరే వచ్చాడు. ఆమెను గుర్తుపట్టలేదు.

"ఏమమ్మా, శిబిరం క్రిమి అంత గట్టిదేం కాదు గదా?"

అది బలహీనమని తేలితే తప్పంతా రోగులదే.

"మీరే చూడండి సార్."

లోపలికి వచ్చినవాళ్ళకు గాగుల్స్ ఇవ్వడం ఆమె పని. చెయ్యి అవి తగిలించిన మేకువైపు లేచింది. మళ్ళీ దిగి, కుందేలు మెడ దగ్గర గుడ్డను వదులు చేసింది.

డాక్టరు ముఖం దగ్గరికి తెచ్చి వంగాడు. కుందేలు తల విదిలించింది.

"అబ్బా! కంట్లో ఏందో పడె!"

"నీళ్ళు తగిలింటాయి సార్."

అతడు ఒంటికంటితో ఆమెను అప్పుడు చూశాడు.

"ఎవరు నువ్వు?"

"ధర్మవరం పాపన్న పెండ్లాన్ని. పెనుకొండలో మీరు కోసిన కన్ను ఆయప్పదే."

డాక్టరు కొళాయి దగ్గరికి పరుగెత్తాడు. నీళ్ళు చాలాసేపు పారాయి. తర్వాత కారు వెళ్ళిన చప్పుడైంది.

ఒడిలో బరువు మారినట్టనిపించి కుళ్ళాయమ్మ కిందికి చూసింది. కుందేలు ప్రాణం ఎప్పుడు పోయిందో. గుడ్డ మూసి, బోనుకున్న ఎర్రపోగు విప్పి కొంగున ముడేసుకుంది. ఈ రాత్రి దాన్ని పాపన్న చేతిలో పెట్టి, క్రిమి సంగతి చెప్పి, ఆ నీళ్ళ మాట ఇప్పుడు అను చూద్దాం అనాలి.

పొద్దున ఆమే తుడిచిపెట్టిన గాగుల్స్ తలుపు పక్క మేకుకు తళతళలాడుతూ వేలాడుతున్నాయి.