నాలుగో కత్తెర

1959 శ్రావణంలో హైదరాబాదు నుంచి ఆత్మకూరు పోతున్న బస్సు దారిలో ఒక ఊరి దగ్గర ఆగిపోయింది. ముందున్న వాగు రోడ్డెక్కింది. నీళ్లు దిగేదాకా బండి కదలదని డ్రైవరు చెప్పాడు. అప్పుడు మధ్యాహ్నం మూడు గంటలు.

ప్రయాణికుల్లో వెంకటనర్సు ఒకడు. పట్నంలో ఒక ఫొటో స్టూడియోలో పని. క్యాలెండరు వేసేవాళ్లు వానాకాలపు మబ్బుల ఫొటో అడిగారు, పొద్దుగూకే వేళది. ఫిల్ము నలుపు తెలుపే. రంగులు తరువాత చేత్తో వేస్తారు. నాలుగు రోజులుగా తిరుగుతున్నా ముసురు తప్ప ఏమీ దొరకలేదు. రీల్లో రెండు ఫొటోలు మిగిలాయి.

ఆ ఊళ్లో పడమటికి అడ్డం లేని జాగా సాలెల వీధి ఒకటే. ఆ పూట తెరిపి ఇవ్వడంతో వీధి పొడవునా పడుగు చాపి ఉంది. మగ్గానికి ఎక్కించేముందు పడుగుకు గంజి పట్టించి ఆరబెట్టాలి. ముప్పై గజాల పోగులను రెండు కొసల తాళ్లతో బిగించి, మధ్యలో ఏడుచోట్ల కత్తెరలా జంటగా కట్టిన కర్రల మీద నిలిపారు. ఇరువైపులా మనుషులు కుంచెలతో గంజి దువ్వుతున్నారు. ఆరకముందే వాన పడితే గంజి కారిపోతుంది. బురదలో పడితే ఆ పోగులు ఎందుకూ పనికిరావు.

పడుగు లక్ష్మీనర్సయ్యది. జ్యేష్ఠం నుంచి అతని మగ్గం ఖాళీగా ఉంది. సొసైటీ నుంచి ఈ నూలు రావడానికి రెండు నెలలు పట్టింది. మళ్లీ దసరా దాటాకే. అతని అన్న అప్పటికే షోలాపూర్ మిల్లుకు పోయాడు. ఈ పడుగు చెడితే తనూ పోవాలి. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు.

వెంకటనర్సు కెమెరా స్టాండు దించబోతే దశరథ అనే ముసలాయన అడ్డం వచ్చాడు. పనేమిటని అడిగి, జవాబు విన్నాడు.

"పట్నంల మొగులు లేదా? టికెట్టు కొనుక్కొని ఈడిదాక వచ్చినవు."

కుంచెలు పట్టుకున్నవాళ్లు నవ్వారు. పక్కన ఒక పోగు తెగి వేలాడుతోంది. వెంకటనర్సు ఆలోచించకుండానే రెండు కొసలు పట్టి మెలిపెట్టి అతికించాడు. లక్ష్మీనర్సయ్య భార్య ఆండాళు అది చూసి ఎవరింటివాడివని అడిగింది. పేరు చెప్పి, తమది కేతేపల్లి అని, తాత మగ్గం నేసేవాడని అతను ఒప్పుకోవలసి వచ్చింది.

"మనోడే," అన్నాడు దశరథ. "చెప్పనీకె నామోషీ."

వాన వస్తే పడుగును చూరు కిందికి ఎత్తాలంటే కొసలకు ఇద్దరు, కత్తెరకొకరు, తొమ్మిదిమంది ఒక్కసారే చేతులు వేయాలి. ఆ రోజు ఎనిమిదిమందే ఉన్నారు. లక్ష్మీనర్సయ్య అతని దగ్గరికి వచ్చాడు.

"నాలుగో కత్తెర ఐలేశంది. జరమొచ్చి పండుకున్నడు. మొగులు కమ్మితే నేను పిలుస్త. నువ్వు ఆడ నిలవడాలె. నిలవడ్తవా?"

నిలబడతానన్నాడు వెంకటనర్సు. అయితే ఫొటో తీసుకోమన్నాడు లక్ష్మీనర్సయ్య.

అతను వీధి చివర స్టాండు పెట్టాడు. అక్కడి నుంచి నాలుగో కత్తెరకు ఇరవై అంగలు. ఆరు గంటలకు పడమట మబ్బు లేచింది. మబ్బు తేటగా పడటానికి లెన్సుకు పసుపు గాజు బిగించి ఒక ఫొటో తీశాడు. అది చాలలేదు. పొద్దు మబ్బు అంచు కిందికి దిగాక రెండోది తీయాలనుకున్నాడు. గాలి మొదలైంది. లక్ష్మీనర్సయ్య పిలిచాడు. వెంకటనర్సు కెమెరాలోంచి తల ఎత్తలేదు. రెండోసారి పేరు పెట్టి పిలిచాడు. వెంకటనర్సు వెనక్కి చూడకుండా ఎడమ చెయ్యి పైకెత్తాడు.

చినుకులు పడ్డాయి. ఇక ఆగలేక ఎనిమిదిమందీ ఎత్తారు. నాలుగో కత్తెర పక్కకు ఒరిగింది. పడుగు అక్కడ జారి, అటూ ఇటూ ఉన్నవాళ్ల చేతుల్లోంచి కూడా లాక్కుపోయి, బండి చాళ్ల నీళ్లలో పడింది. అప్పటికి అతను రెండో ఫొటో తీశాడు.

పరుగెత్తుకొచ్చి పోగుల కింద చేతులు పెట్టాడు.

"చెయ్యి తియ్యి," అన్నాడు లక్ష్మీనర్సయ్య.

వినబడలేదని వెంకటనర్సు చెప్పబోయాడు.

"చెయ్యెత్తినవు గద," అన్నాడు దశరథ. "ఎవలిని ఆగుమన్నవు, వాననా?"

ఆండాళు నీళ్లలోని పోగులు ఎత్తుతూ అంది: "తెల్వనోడైతే పోనీ అనుకుందుము. నీకు ఎరికే."

పడుగును చూరు కిందికి చేర్చి దీపం వెలుగులో చూశారు. నడిమి పదకొండు గజాలు మట్టి పట్టి ముద్దయింది. మిగిలిన రెండు ముక్కలూ గంజి కారి అతుక్కుపోయాయి.

వాగు రెండు రోజులు దిగలేదు. సాలెల ఇళ్లనుంచి ప్రయాణికులకు జొన్నరొట్టెలు వచ్చాయి. తెచ్చిన ఆడవాళ్లు మనిషి మనిషికీ చేతికిచ్చారు; వెంకటనర్సు దగ్గరికి వచ్చేసరికి పక్కవాడికి ఇచ్చి ముందుకు పోయారు. మంచినీళ్లకు ఒక గడపలోకి పోతే లోపలి నుంచి తలుపు వేశారు. తోటి ప్రయాణికులు కూడా కారణం విన్నాక అతనితో మాటలు తగ్గించారు.

మూడో రోజు పొద్దున బస్సు బయలుదేరుతుంటే లక్ష్మీనర్సయ్య మూటతో వచ్చి ఎక్కాడు. ఆండాళు రోడ్డు దాకా వచ్చింది. కండక్టరు ఎక్కడికని అడిగితే ఆత్మకూరుకు టికెట్టు ఇమ్మని, అక్కడినుంచి షోలాపూర్ అని చెప్పాడు. బస్సులో వెంకటనర్సు పక్క సీటు ఒకటే ఖాళీ. వెంకటనర్సు కెమెరా పెట్టె తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"కూసో, జాగా ఉంది గద," అన్నాడు కండక్టరు.

"లేదు," అన్నాడు లక్ష్మీనర్సయ్య. పైన కమ్మీ పట్టుకుని ఆత్మకూరు దాకా నిలబడే పోయాడు.